గేటు దగ్గర నీడ

పాలు పోసే మనిషి రోజూ పొద్దున్నే ఆ ఇంటి గేటు దగ్గర కాస్త పక్కకు ఒరిగి లోపలికి వెళ్తాడు. గేటు స్తంభాన్ని ఆనుకుని నీడ నిలబడి ఉంటుంది మరి, దాన్ని తొక్కుకుంటూ పోవడం మర్యాద కాదు. ఇంటావిడ వాకిలి ఊడుస్తూ "కొంచెం జరుగు నాయనా" అంటుంది. అది జరగదు. ఆవిడ దాని చుట్టూ ఊడ్చుకుని లోపలికి పోతుంది.

ఆ నీడ ఆవిడ భర్తది. సైన్యంలో ఉండగా ఆయన ఎక్కిన లారీ రోడ్డు మీద పేలిపోయింది. ఆయన బతికి ఇంటికొచ్చాడు. ఆయన లోపలికి నడిచాడు గానీ నీడ గేటు దగ్గరే ఆగిపోయి కాపలాకి నిలబడింది. సూర్యుడు ఎటు తిరిగినా అది తిరగదు, మబ్బు పట్టినా చెరగదు. ఆయనిప్పుడు బస్సు డిపోలో టైర్లు బిగిస్తాడు. వీధి వీధంతా ఆయన్ను సెంట్రీ అంటారు.

నీడ నిలబడి ఉన్నంతకాలం మనిషికి నిద్రెక్కడిది? కళ్లు మూసుకుంటాడు, తలుపు గాలికి కొట్టుకుంటే మంచం కింద ఉంటాడు. అంతవరకూ ఆవిడ సర్దుకుపోయింది. పోయిన చలికాలం ఒక సాయంత్రం కుర్చీలో కునుకు పట్టిందని కూతురు శాలువా కప్పబోతే, కళ్లు తెరవకుండానే పిల్ల మెడ పట్టుకున్నాడు. విడిపించుకునేసరికి వేళ్ల గుర్తులు తేలాయి.

ఆవిడ అరవలేదు. మర్నాడు అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"కొత్త ఆసుపత్రిలో కూడా కుదరకపోతే పిల్లను తీసుకుని మా చెల్లెలింటికి పోతానండీ. మీ మీద కోపంతో కాదు. దాని మెడ మీద మమకారంతో."

"వెళ్లు. నేనైనా అదే చేస్తాను" అన్నాడాయన, కంచంలోంచి తలెత్తకుండా.

అప్పటికే చాలామంది డాక్టర్లయ్యారు. అందరివీ అవే ప్రశ్నలు, అవే మాత్రలు. గట్టి మాత్ర వేసుకున్న రోజు ఆయన మొద్దులా పడుండేవాడు. కానీ ఆ రోజు నీడ ఇంటి చుట్టూ గస్తీ తిరిగేది. ఇద్దరు కాపలావాళ్లలో ఒకడు పడుకుంటే రెండోవాడు ఇద్దరి పనీ చెయ్యాలి కదా! పొద్దున లేచేసరికి ఆయనకు కాళ్లు పీకేవి.

కొత్త ఆసుపత్రి డాక్టరమ్మకు మాటలు తక్కువ. "నిద్రెందుకు పట్టట్లేదని మిమ్మల్ని అడిగితే మీకేం తెలుసు? మీ మెదడునే అడుగుదాం" అంది. జుట్టుకు చల్లటి జిగురు రాసి, వైర్లు వేలాడే టోపీ తొడిగి, తెర మీద గీతలు చూసింది. తర్వాత సొరంగం లాంటి పెద్ద యంత్రంలో పడుకోబెట్టింది. అది మోగబోయే ప్రతిసారీ ముందే చెప్పింది. "ఇప్పుడు డబడబలాడుతుంది. అది మా మిషనే. ఇక్కడెవరూ ఎవర్నీ కాల్చట్లేదు." పరీక్ష పూర్తయ్యేదాకా ఆయన పాదం మీద చెయ్యి వేసే ఉంచింది. అంత మోతలో ఆయన కదలకుండా పడుకోవడం అదే మొదటిసారి.

ఆయనతోపాటు వచ్చిన స్నేహితుడికీ అవే పరీక్షలు చేసింది. అదే లారీ, అదే పేలుడు, కాగితం మీద అదే జబ్బు పేరు. ఈయన్ను దుప్పటి అంటారు. ఈయన నీడ మంచం కింద పడుకుని ఏళ్లయింది, లేవదు. ఈయన ఎండలో నీడ లేకుండానే వెళ్లి సరుకులు తెచ్చుకుంటాడు. "నాకు నిద్రకేం లోటు లేదమ్మా, మెలకువకే లోటు" అన్నాడు.

డాక్టరమ్మ ఇద్దరి మెదడు బొమ్మలూ పక్కపక్కన పెట్టింది.

"తల లోపల ఒక గంట ఉంటుందనుకోండి. ప్రమాదం వస్తే మోగుతుంది. నుదుటి వెనక దాన్ని ఆపే చెయ్యి ఉంటుంది. సెంట్రీ గారూ, మీకా చెయ్యి అందట్లేదు. మత్తు మాత్ర ఇస్తే అది ఇంకా సోలిపోతుంది. మీకు మాత్రలొద్దు, అయస్కాంతంతో ఆ చోటును మెల్లగా తట్టి లేపుదాం. ఈయనకు గంటతో గొడవే లేదు, మనిషిని ముందుకు తోసే చోటే మందగించింది. ఈయనకు హుషారిచ్చే మాత్ర కావాలి. ఒకే పేరు పెట్టాం కదా అని ఇన్నాళ్లూ ఇద్దరికీ ఒకే మందు పోశాం. తప్పు మాదే."

డాక్టరు నోట తప్పు మాదే అన్న మాట విని ఇంటావిడ ఆమె వైపు కొత్తగా చూసింది.

వైద్యం మొదలైంది. కొన్నాళ్లకు మళ్లీ టోపీ పెట్టి చూసి డాక్టరమ్మ కనుబొమలు ముడేసింది. పాత గీతలు, కొత్త గీతలు చాలాసేపు పోల్చుకుంది. అప్పుడు ఇద్దర్నీ ఎదురుగా కూచోబెట్టింది.

"ఏం తింటున్నారు మీరు?"

ఇద్దరూ నేల చూపులు చూశారు.

"మాత్ర... సగం సగం అండీ" అన్నాడు దుప్పటి.

"సగమేంటి?"

"నాకేమో రోజుకో మాత్ర రాశారు. వీడికి ఒక్కటీ రాయలేదు. ఎదురుగా వీడు ఉత్త చేతుల్తో కూచుంటే నేనొక్కణ్నే ఎలా మింగను? రొట్టె ముక్క దొరికినా సగం చేసుకు తిన్నవాళ్లం."

"వద్దంటే వీడు బాధపడతాడని..." నసిగాడు సెంట్రీ.

ఇంటావిడ నుదురు కొట్టుకుంది. "ఓరి మీ స్నేహం బంగారం కానూ! నా కాపురం నిలుస్తుందా లేదా అని నేను చస్తుంటే, మీరు మాత్రలు పంచుకుంటున్నారా అన్నయ్యా?"

"తప్పయిపోయింది చెల్లెమ్మా" అన్నాడు దుప్పటి, స్కూలు పిల్లాడిలా.

డాక్టరమ్మ కోప్పడలేదు. "సెంట్రీ గారూ, ఆయన్ను లేపే మందు మిమ్మల్ని నిలబెట్టేస్తోంది. మీరు దాచినా మీ మెదళ్లు దాచలేదు. సరే, పంచుకోకుండా మీరిద్దరూ ఉండలేరు. మాత్ర ఆయనొక్కరే మింగాలి. తర్వాత ఇద్దరూ కలిసి నడవండి. ఆ నడక పంచుకోండి" అంది.

మళ్లీ మొదటికొచ్చారు. ఆమె మళ్లీ బొమ్మ తీసి, చోటు వెతికి, అయస్కాంతాన్ని వెంట్రుకవాసి పక్కకు జరిపింది. అంత కొంచెం తేడాకి ఇంత ఓపికా అని ఇంటావిడకు ఆశ్చర్యం వేసింది. చెల్లెలు ఫోన్ చేసి గది ఖాళీ చేశానంటే "ఇంకొన్నాళ్లు చూస్తానే" అని చెప్పింది. గొంతులో ఆశ వినబడకుండా జాగ్రత్తపడింది.

ఒక ఆదివారం సాయంత్రం సెంట్రీ వరండాలో కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఆవిడ గడప దగ్గర కూచుని బఠానీలు ఒలుస్తోంది. అప్పుడు వీధిలో ఒక నీడ ఒంటరిగా నడుచుకుంటూ వచ్చింది. ఏళ్ల తరబడి పడుకున్న నీడేమో, నలిగిపోయి ఉంది, అంచులకు మంచం కింది దుమ్ము. సాయంత్రం పాలు తెస్తున్న మనిషి సైకిలు దిగి దారిచ్చాడు.

దుప్పటి నీడ గేటు ముందు ఆగి, ముడతలు సరిచేసుకుని, నిటారుగా నిలబడి సెల్యూట్ చేసింది. సెంట్రీ నీడ తిరిగి సెల్యూట్ చేసింది. ఇంతకాలం దాన్ని కాపలా దించడానికి ఎవరూ రాలేదు. ఒకటి పక్కకు జరిగితే రెండోది ఆ చోట్లో నిలబడింది.

కాపలా దిగిన నీడ తిమ్మిరెక్కిన కాళ్లతో గేటు దాటి లోపలికొచ్చింది. ఆవిడ బఠానీల గిన్నె ఒళ్లోకి తీసుకుని, కాళ్లు ముడుచుకుని దారిచ్చింది. నీడ కుర్చీ కిందికి వెళ్లి నడుం వాల్చింది. ఆయన తల పక్కకు ఒరిగింది.

లోపల కూతురి చేతిలోంచి స్టీలు పళ్లెం జారి దొర్లింది. తల్లీ కూతుళ్లిద్దరూ కుర్చీ వైపు చూశారు. ఆయన మొహం అటు తిప్పుకుని చిన్నగా గురక పెట్టాడు.

ఫోన్ మోగింది. ఆవిడ గబుక్కున ఎత్తింది.

"అక్కా, గదికి రంగు కూడా వేయించాను. ఎప్పుడొస్తున్నారు?"

"రావట్లేదు లేవే. మెల్లగా మాట్లాడు, మీ బావ నిద్రపోతున్నారు."

చెల్లెలు గొంతు తగ్గించింది.

"ఇద్దరూనా?"

ఆవిడ కుర్చీ కిందికి తొంగి చూసింది.

"ఇద్దరూను" అంది.