నాలుక మీద పదో వంతు

మా బావ పాత పికప్ బండి కొన్నాడు. కొన్నది ట్రెయిలరు లాగడానికి. "ఇది లాగుతుందా బావా?" అని అడిగాను.

"లాగూ వేసుకున్న రోజుల నుంచీ బళ్ళు చూస్తున్నానురా, లాగుతుంది" అన్నాడు.

బావ లెక్కల మాస్టారు. బడిలో గంట కొడితే పాఠం ఆగుతుంది. ఇంట్లో గంట లేదు.

అవసరం మాత్రం అక్కది. అక్కకు నలభై తేనెటీగల పెట్టెలున్నాయి. పదకొండేళ్ళుగా పట్టుబట్టి పెంచిన పట్టులు. పక్క పళ్ళతోటవాడు సోమవారం పురుగుమందు కొడతానని కబురు పెట్టాడు. ఆలోగా పెట్టెలన్నీ నలభై కిలోమీటర్ల అవతలి పొద్దుతిరుగుడు చేనుకు చేరాలి. చేరకపోతే పెట్టెలు మిగులుతాయి, ఈగలు మిగలవు. ఆ వారమంతా అక్క కంచం ముందు కూర్చోవడం, కెలకడం, లేవడం.

బుధవారం ముగ్గురం మెకానిక్ షెడ్డుకు వెళ్ళాం. మెకానిక్ మాటను గ్రీజులాగా వాడే మనిషి: అవసరమైన చోట, అవసరమైనంత. బండి కిందికి దూరి, బయటికొచ్చి, టైర్లు తడిమాడు.

"మాస్టారూ, బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టొచ్చు. బోడి టైరుకు ట్రెయిలరు ముడిపెట్టకూడదు."

టైర్లు మారాయి. ట్రెయిలరుకు విడిగా బ్రేకులు వచ్చాయి. వాటిని చేత్తో నొక్కడానికి స్టీరింగు పక్కన చిన్న మీట బిగించాడు. కొక్కెం ఊడినా ట్రెయిలరు ఎటో పోకుండా రెండు గొలుసులు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి వేశాడు. లైట్లు కలిపాక బావ ఎడమ సిగ్నలు వేస్తే ట్రెయిలరుకు కుడివైపు వెలిగింది.

"మా ఇంట్లోనూ ఇంతే. నేనొకటి అంటే మా ఆవిడకు ఇంకొకటి వెలుగుతుంది" అన్నాడు బావ.

"నేనూ ఉన్నానిక్కడ" అంది అక్క.

వైర్లు మార్చేంతసేపూ బావ ఇరుసు మీద, వాలు మీద, తన విద్యార్థుల తెలివితక్కువతనం మీద ఏకధాటిగా మాట్లాడాడు. అక్క మాత్రం ఏది ఎందుకో మెకానిక్‌ను అడిగి తెలుసుకుంటోంది. చివరికి మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "ఒక్కటి గుర్తుంచుకోండి మాస్టారూ. నాలుక మీద పదో వంతు. అంతకు ఎక్కువైనా తక్కువైనా రోడ్డు మీద పరువు పోతుంది" అన్నాడు.

బావ ముఖం ఎర్రబడింది. బండెక్కాడు. ఇంటిదాకా మాట లేదు.

గురువారం లేదు. శుక్రవారం "ఊఁ" అన్నాడు. శనివారం నన్ను పక్కకు పిలిచి బయటపడ్డాడు: "విన్నావురా? నేను పదో వంతే మాట్లాడాలట! ముప్పయ్యేళ్ళ సర్వీసు నాది! వాడా నాకు నాలుక కొలిచేది!"

నాకూ నిజమేననిపించింది. లోలోపల మెకానిక్‌కు దండం కూడా పెట్టుకున్నాను.

ఆదివారం తెల్లారకముందే అక్క పెట్టెల వాకిళ్ళకు జాలీలు కొట్టుకుంటూ పోతుంటే, మేమిద్దరం ఎక్కించుకుంటూ పోయాం. బావ మౌనంగానే వేలితో చూపించాడు: తేనె నిండిన బరువు పెట్టెలు వెనక, తేలికవి ముందు. దింపేటప్పుడు బరువువి మొదట దిగిపోతాయని లెక్క. లెక్కల మాస్టారు కదా, నేనెందుకు లెక్కచేయకూడదు?

ఊరు దాటి, దిగుడు రోడ్డు వచ్చాక ట్రెయిలరు తోక జాడించింది. మొదట మెల్లగా, కుక్కలా. తర్వాత మొసలిలా. అది కుడికి పోతే బండి ఎడమకు, బండి కుడికి వస్తే అది ఎడమకు. ఎదురుగా పాలలారీ వస్తోంది.

"బ్రేకు తొక్కకండి! కాలు తీసేయండి! స్టీరింగు తిన్నగా పట్టుకోండి!" అని అరిచి, మధ్యలో కూర్చున్న అక్క చెయ్యి చాచి ఆ చిన్న మీట నొక్కింది. వెనక ట్రెయిలరు ఒక్కటే బ్రేకు పట్టింది. రెండు ఊపులు ఊగి, జుట్టు పట్టుకుని లాగినట్టు తిన్నబడింది. పాలలారీ హారను మోగిస్తూ దాటిపోయింది.

పక్కకు ఆపాం. అక్క బావ వైపు తిరిగింది.

"నాలుక మీద ఎంత పెట్టారు?"

"నాలుగు రోజులుగా నా నాలుక మీదే పడ్డారు అందరూ!" బావ బద్దలయ్యాడు. "నోరు మూసుకునే ఉన్నాను కదటే, ఇంకా ఎంత తగ్గించమంటావు?"

అక్క బావను ఎగాదిగా చూసి, ట్రెయిలరు ముందుకు నడిచి, కొక్కేనికి తగిలించే ఇనుప దూలం మీద అరచేత్తో కొట్టింది. "నాలుకంటే ఇదండీ! మొత్తం బరువులో పదో వంతు దీని మీద పడాలి. బరువంతా వెనక పెడితే ఇది పైకి లేస్తుంది, తోక ఊగుతుంది!"

బావ వంగి ఆ దూలాన్ని తడిమి చూశాడు. "మరి... వాడు నన్ను తిట్టలేదా?"

"ఆయనకంత తీరికెక్కడిది!"

ఎండ ఎక్కుతోంది. వాకిళ్ళు మూసిన పెట్టెలు వేడెక్కితే ఈగలు ఉడికిపోతాయి. ముగ్గురం కలిసి ఒక్కో పెట్టే దింపి, బరువువి ఇరుసుకు కాస్త ముందుకు సర్దాం. ఒక జాలీ ఊడింది. నాకు నాలుగు, బావకు ఏడు కుట్లు పడ్డాయి. "దర్జీ దగ్గర కూడా ఇన్ని కుట్లు పడవు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకూ మంటే తప్ప నవ్వు రాలేదు.

తర్వాతి దారంతా ట్రెయిలరు పెళ్ళికూతురిలా తలవంచుకుని వెంట వచ్చింది.

చేలో దింపాక అక్క ఒక్కో పెట్టెకూ చెవి ఆనించి, జాలీ తీస్తూ పోయింది. ముప్పై తొమ్మిది గుయ్‌మన్నాయి. నలభయ్యోది గుయ్‌మనలేదు. అక్క వేలితో తట్టింది. మళ్ళీ తట్టింది. బావ మోకాళ్ళ మీద కూర్చుని, తన టోపీతో దానికి విసరడం మొదలుపెట్టాడు. ఎంతసేపు విసిరాడో తెలియదు. చెయ్యి మారింది, టోపీ మారలేదు.

అప్పుడు లోపల్నుంచి ఎక్కడో సన్నగా, కోపంగా మోత మొదలైంది.

అక్క జాలీ తీసింది. ఒక ఈగ వాకిట్లోకి వచ్చి, పూల వైపు చూసి, ఆలోచించి, బావ చెవి వెనక కుట్టింది.

"బతికే ఉన్నాయే!" అని కేకేశాడు బావ. ఆ సంతోషానికి ఎనిమిదో కుట్టు సంగతే మర్చిపోయాడు.