మామయ్య కొలిచిన రిమ్ము

ఆ ఇంటి కింది భాగానికి రెండు షట్టర్లు. ఎడమది ఎత్తితే కుట్టుమిషను, కుడిది ఎత్తితే టైర్లు. మధ్యగోడకు తలుపుంది గానీ దానికి గడియ లేదు. అందుకని రబ్బరు వాసన అటూ, ఇస్త్రీ వాసన ఇటూ అడక్కుండానే తిరుగుతూ ఉంటాయి. ఎడమవైపు మామగారిది. నలభై ఏళ్ళుగా ఆ వీధిలో ఆయన టేపు తగలని నడుం లేదు. ఇంటి బయట అందరికీ ఆయన మాస్టారు. కుడివైపు కోడలిది. టైరు పని ఆమె వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. ఆమె భర్త బళ్ళో డ్రాయింగు చెబుతాడు. కారు బొమ్మ అచ్చం కారులాగే గీస్తాడు, టైరు విప్పమంటే మాత్రం తలనొప్పి అంటాడు.

ఆ ఇంట్లో ఎవరూ రాయని చట్టం ఒకటుంది. మామగారు కొలిచినదాన్ని ఇంకొకరు కొలవకూడదు. కిటికీకి కర్టెనైనా, మంచానికి పరుపైనా, మెడలోంచి టేపు తీసి ఆయన ఒక అంకె చెప్పారంటే అదే ఖాయం. ఒకసారి పెద్దకొడుకు, ఆ డ్రాయింగు మాస్టారే, బుద్ధి గడ్డితిని, ఆయన కొలిచిన తలుపును మళ్ళీ కొలిచాడు. ఆయన మూడు రోజులపాటు ఆ తలుపులోంచి రాలేదు. వీధివైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చి భోంచేశారు.

కోడలికి ఈ చట్టంతో పేచీ ఏమీ లేదు. ఏటా ఆయన ఆమెకు పనిలో బట్టల మీద తొడుక్కునే ఓవరాల్ నీలం గుడ్డతో కుట్టి ఇస్తారు. ఏటా దాని చేతులు ఒక అంగుళం పొడుగొస్తాయి. ఆమె చేతులు మడిచి పనిలోకి దిగుతుంది. పెళ్ళై తొమ్మిదేళ్ళు, తొమ్మిది ఓవరాళ్ళు. పొడుగన్న మాట ఆమె ఎన్నడూ పైకి అనలేదు.

ఇక ఆ ఇంట్లో మిగిలినవాడు మరిది. వీధిలో వాణ్ణి స్పీడు అంటారు. ఆ పేరులో వెటకారమే ఎక్కువ. ఎందుకంటే ఆరేళ్ళుగా వాడు నడుపుతున్నది పార్సిల్ వ్యాను, అది అరవై దాటితే కంపెనీవాళ్ళు బిగించిన మీటరు ఈల వేస్తుంది. ఆ ఈల వినీ వినీ వాడికి కలలో కూడా ఈలలే. జీతంలో మిగిల్చి మిగిల్చి చివరికి రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారొకటి కొన్నాడు. ఊరి బయట రేసు ట్రాకులో డ్రైవింగు స్కూలుంది. మూడేళ్ళకోసారి అక్కడ ఒక్క ట్రైనరును తీసుకుంటారు. ఈ ఆదివారమే పరీక్ష. ఎవరి కారులో వాళ్ళు నూరు సెకన్లలోపు ట్రాకు చుట్టి రావాలి. చుట్టగలిగితే ఉద్యోగం, లేకపోతే మళ్ళీ ఈల వేసే వ్యాను.

అరిగిపోయిన పాత టైర్లతో వాడు అప్పటికే నూట రెండు సెకన్లలో చుట్టాడు. కొత్త టైర్లు వేస్తే ఆ రెండు సెకన్లూ రాలిపోతాయని వదినే చెప్పింది. కారుకు కొత్త రిమ్ములు కూడా చవకగా దొరికాయి. అమ్మినవాడెవడో గానీ, నల్ల పెయింటు దట్టంగా పూసేసి లోపల అచ్చేసిన కొలతలన్నీ కప్పేశాడు.

"రెండొందల పాతిక సరిపోతుంది," అంది వదిన దూరం నుంచే చూసి. టైరు పక్కన రాసి ఉండే ఆ అంకె దాని వెడల్పు, మిల్లీమీటర్లలో.

మరిది మొహం మాడ్చుకున్నాడు. "అంత సన్నవా? ఈ కారుకి అవి వేస్తే సూటు కిందకి బాత్రూం చెప్పులేసుకున్నట్టు ఉంటుంది వదినా. రెండొందల యాభై అయిదు వెయ్యి. ఎంత వెడల్పుంటే అంత పట్టు కదా?"

"ఎంత వెడల్పన్నది నువ్వూ నేనూ కాదు, రిమ్ము చెబుతుంది. మా అమ్మకి కంటి ఆపరేషను, రెండు రోజులు వెళ్ళొస్తా. వచ్చాక కొలుద్దాం. ఈలోగా ఏ గొడవా పెట్టుకోకు."

పెట్టుకోకు అంటే వింటే వాడు స్పీడు ఎందుకవుతాడు? ఆమె తిరిగి వచ్చేసరికి రిమ్ము మీద బట్టల సుద్దతో గుండ్రటి అంకె వేసి ఉంది: ఎనిమిదిన్నర. అది ఎవరి దస్తూరీయో ఆ ఇంట్లో పిల్లినడిగినా చెబుతుంది.

"నాన్న కొలిచాడు," అన్నాడు మరిది, మీసం ఉంటే తిప్పేవాడే. "ఎనిమిదిన్నర అంగుళాల రిమ్ముకి రెండొందల యాభై అయిదు వేయొచ్చా, వేయకూడదా? నువ్వే చెప్పు."

"ఎనిమిదిన్నరైతే వేయొచ్చు," అంది ఆమె. కంటికి మాత్రం అది ఏడున్నరలాగే కనిపిస్తోంది. స్టీలు స్కేలు మీదికి చెయ్యి వెళ్ళింది. గోడ అవతల కుట్టుమిషను చప్పుడు వినిపించింది. చెయ్యి వెనక్కి వచ్చేసింది. పెద్దాయన కొలిచాక తను స్కేలు పెట్టడమేమిటి? వెడల్పు టైర్లకే ఆర్డరు పెట్టేసింది. కన్ను చెప్పింది కాదని సుద్ద మాట నమ్మిన ఆ క్షణాన్ని తలుచుకుని తరవాత తనను తాను చాలాసార్లు తిట్టుకుంది.

గురువారం టైర్లు వచ్చాయి. బిగించాక కారు బలిసిన పహిల్వానులా తయారైంది. మరిది దాని చుట్టూ ఏడు ఫోటోలు తీసుకున్నాడు. శుక్రవారం ప్రాక్టీసుకు వెళ్ళేటప్పుడు వాడి కాళ్ళు నేల మీద లేవు. తిరిగి వచ్చేటప్పుడు కారు కూడా తల దించుకున్నట్టే వచ్చింది.

"నూట నాలుగు," అన్నాడు.

"పాతవాటితో నూట రెండే కదా?"

"అదే కదా. స్టీరింగు తిప్పితే కారు కాసేపు ఆలోచించుకుని అప్పుడు తిరుగుతోంది. టైర్లు కొత్తవి, రిమ్ములు కొత్తవి. పాతది నేనొక్కణ్ణే. పనితనం నా చేతుల్లోనే లేదు వదినా. ఆదివారం వెళ్ళి నవ్వులపాలు కావడం ఎందుకు? వ్యాను ఉంది, నేనున్నాను."

అంత నోరున్నవాడు అంత నెమ్మదిగా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

శనివారం పొద్దున్నే తనే వాణ్ణి లాక్కుని ట్రాకుకు వెళ్ళింది. వెళ్తూ మామగారి డబ్బాలోంచి సుద్దముక్క ఒకటి తీసుకుంది. నాలుగు టైర్లకూ నేలను తాకే భాగం అంచు నుంచి కింద పక్కభాగం దాకా నిలువు గీతలు గీసింది. ఇది వాళ్ళ నాన్న నేర్పిన చిట్కా. మలుపుల్లో టైరు ఎంతవరకు ఒరిగి నేలను తాకితే అంతవరకు సుద్ద చెరిగిపోతుంది. అంచు దగ్గర ఆగితే టైరు రిమ్ము మీద సరిగా కూర్చున్నట్టు.

మరిది రెండు చుట్లు కొట్టి వచ్చాడు. ఆమె వంగి చూసింది. సుద్ద అంచు దాటి మూడు వేళ్ళ మేర కిందికి చెరిగిపోయి ఉంది. స్టీరింగు తిప్పగానే ముందు టైరు పక్కకు ఒరుగుతోంది, ఆ తరవాతే కారు కదులుతోంది. వెడల్పు టైరును ఇరుకు రిమ్ములో ఇరికిస్తే జరిగేది అచ్చంగా ఇదే. అంటే ఆ ఎనిమిదిన్నర, ఎనిమిదిన్నర కాదు.

"నీ చేతులు బంగారంలా ఉన్నాయి," అంది. "ఇంటికి పద."

ఇంటికైతే వచ్చారు. మరి పిల్లి మెడలో గంట కట్టేదెవరు? మరిదిని టీ తాగి రమ్మని పంపించి, మధ్యాహ్నం మామగారు కునుకు తీసేదాకా ఆగింది. ఆయన గురక లయలో పడ్డాక ముందు చక్రం విప్పి, టైరు ఊడదీసి, స్టీలు స్కేలును రిమ్ము లోపలి అంచు నుంచి లోపలి అంచుకు ఆనించింది. ఏడున్నర. వెంట్రుకవాసి తేడా లేదు.

గురక ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు.

"ఏంటమ్మా చేస్తున్నావు?" మధ్య తలుపు దగ్గర మామగారు, కళ్ళజోడు నుదుటి మీద, టేపు మెడలో.

"దుమ్ము తుడుస్తున్నా మామయ్యా."

"స్కేలుతోనా?"

ఆయన వచ్చి కింద కూర్చున్నారు. టేపు తీసి రిమ్మును బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి ఆమె మొహం ముందు పెట్టారు. "ఎనిమిదిన్నర. చూసుకో."

"బయట నుంచి ఎనిమిదిన్నరే మామయ్యా. మీ కొలత తప్పు కాదు. కానీ టైరు ఈ అంచుల మీద కూర్చోదు, ఈ రెండు అంచుల మధ్య కూర్చుంటుంది. అటో అరంగుళం, ఇటో అరంగుళం ఇనుమే తినేస్తుంది. టైరుకి మిగిలేది ఏడున్నరే."

ఆయన రిమ్ములోకి చాలాసేపు చూశారు. "ఒంటి మీద చొక్కా కాదన్నమాట," అన్నారు చివరికి. "ఒంటి లోపలి చొక్కా."

"దాదాపు అంతే మామయ్యా."

ఆయన నవ్వలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, మధ్య తలుపులోంచి కాకుండా వీధివైపు నుంచి తన కొట్లోకి వెళ్ళిపోయారు. కోపం వచ్చినా బాగుండేది, తలా రెండు మాటలతో పోయేది. ఈ మౌనం ఎన్నాళ్ళుంటుందో ఎవరికి తెలుసు?

మరిది టీ తాగి వచ్చాడు. "ఏమైంది వదినా, టైరెందుకు ఊడదీశావు?"

"నేనే తప్పు సైజు తెప్పించాను. వెడల్పెక్కువైంది. అందుకే నీ కారు ఆలోచించుకుంటోంది."

"నువ్వా? నువ్వు తప్పు సైజు తెప్పించావా?" వాడు నమ్మలేనట్టు చూశాడు. "నాన్న ఎనిమిదిన్నర అని..."

"నేనే అన్నానుగా. ఆ జాకీ ఇలా అందుకో."

గోడ అవతల కుట్టుమిషను ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

పై అరలో రెండొందల పాతిక సెట్టు ఒకటి ఉంది. ఎవరో చెప్పి తెప్పించుకుని, అవి వచ్చేలోగా కారే అమ్మేసుకుని మొహం చాటేశాడు. ఆ మహానుభావుణ్ణి తిట్టని రోజు లేదు గానీ ఆ సాయంత్రం మాత్రం ఆమె అతణ్ణి నోరారా దీవించింది. దీపాలు పెట్టేవేళకు నాలుగు టైర్లూ ఎక్కాయి. గాలి కొట్టి, బోల్టులు బిగించి చూస్తే టైరు పక్కభాగం రిమ్ముతో సమానంగా నిటారుగా నిలబడింది. ఈసారి మరిది ఫోటోలు తీయలేదు.

"సన్నగా ఉన్నాయి కదా?" అంది వదిన.

"ఉండనీ. వ్యాను టైర్లు ఇంకా సన్నగా ఉంటాయి," అన్నాడు వాడు.

ఆదివారం ఇంటిల్లిపాదీ ట్రాకుకు వెళ్ళారు. రానంటారనుకున్న మామగారు అందరికంటే ముందు తయారై కారు దగ్గర నిలబడ్డారు. ట్రాకు పక్క రేకుల షెడ్డులో, కోడలికి కాస్త దూరంగా కూర్చున్నారు.

మరిది కారు మొదటి మలుపులోకి వచ్చింది. ఆమె కళ్ళు ముందు టైరు మీదే ఉన్నాయి. స్టీరింగు తిరిగింది, ఆ వెంటనే కారూ తిరిగింది. మధ్యలో ఆలోచన లేదు. రెండో మలుపు, మూడోది. తరవాత కారు కనిపించలేదు, చప్పుడు మాత్రమే వినిపించింది. ఓవరాల్ జేబులో ఆమె చేతికి సుద్దముక్క తగిలింది. దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది.

బోర్డు మీద అంకెలు వెలిగాయి. తొంభై తొమ్మిది పాయింటు రెండు.

డ్రాయింగు మాస్టారు, పెళ్ళినాడు కూడా చూపించని ఉత్సాహంతో, బెంచీ మీదికెక్కి గెంతాడు. మరిది హెల్మెట్టు తీయకుండానే పరిగెత్తుకొచ్చి, "వదినా, నా చేతులు!" అని రెండు చేతులూ ఆమె ముందు చాపాడు, అవి ఆ ఉదయమే కొత్తగా మొలిచినట్టు. ఆమె నవ్వుతూ వాటిని పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ గోలలో ఆమె మామగారి వైపు చూస్తే, ఆయన బోర్డు వైపూ చూడటం లేదు, కొడుకు వైపూ చూడటం లేదు. ఆమె మణికట్ల దగ్గర ఓవరాల్ చేతుల మడతల వైపు చూస్తున్నారు.

సోమవారం పొద్దున షట్టరు ఎత్తిందో లేదో మధ్య తలుపులోంచి పిలుపు వచ్చింది.

"అమ్మాయ్, ఒకసారి ఇటు రా."

బల్ల మీద కొత్త నీలం గుడ్డ పరిచి ఉంది. "ఆ టైర్లు నువ్వు తప్పు తెప్పించలేదని, తప్పు నా కొలతదని రాత్రి వాడికి చెప్పేశాను," అన్నారు ఆయన గుడ్డ సవరిస్తూ. "ఇక చెయ్యి చాపు."

చాపింది. భుజం నుంచి టేపు వదులుగా జారవిడిచి, "ఇరవై రెండు," అన్నారు.

ఆమె ఏమీ అనలేదు. అలవాటు. ఆయన కూడా రాసుకోలేదు. టేపు చివర భుజం మీద తను పట్టుకుని, రెండో కొస ఆమె చేతికి ఇచ్చారు.

"ఇప్పుడు నువ్వు కొలువు."

"మీరు కొలిచారుగా మామయ్యా."

"కొలవమంటున్నానా?"

ఆమె మణికట్టు దగ్గర టేపు ఆనించింది. "ఇరవై ఒకటి."

"ఊఁ." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "తొమ్మిదేళ్ళు. ఒక్కసారైనా చెప్పొచ్చుగా?"

"మడిస్తే సరిపోతోంది కదా అని."

"అది మీ టైరు పనివాళ్ళ ఫ్యాషన్ అనుకున్నానమ్మా నేను!"

ఆమెకు నవ్వు ఆగలేదు. ఆయనకూ ఆగలేదు. నవ్వు తగ్గాక ఆయన గుడ్డ మీద సుద్దతో ఇరవై ఒకటి అని రాసి, కత్తెర చేతిలోకి తీసుకున్నారు. గుడ్డకు ఆనించి ఆగిపోయారు. కత్తెర పక్కన పెట్టి టేపు మళ్ళీ ఆమె భుజానికి ఆనించారు.

"ఎందుకైనా మంచిది, ఇంకోసారి కొలువు," అన్నారు.

ఆమె కొలిచింది.