చుట్టాలు కట్టని రంగు

"చుట్టాలు కట్టని రంగు చూడు," అన్నది అత్త, టీవీ మీదికెంచి కండ్లు తియ్యకుంట.

రజని అప్పుడు ఒక చేత్తోని జొన్నరొట్టె కాలుస్తున్నది, ఇంకో చేత్తోని గుడ్డ ముక్కలు తిరగేస్తున్నది. మూడో చెయ్యి ఉంటే మొగని టిఫిన్ డబ్బా కట్టేది, గని అది దేవుడు ఇయ్యలే. సోఫా మీద పదకొండు రంగుల ముక్కలు పరిచి ఉన్నయ్. కొత్తగ చూసినోళ్లు దేశానికి జెండా మారుస్తున్నరేమో అనుకుంటరు. ఆమె ఏరుతున్నది ఇద్దరు పని ఆడోళ్లకు, చీర మీద వేసుకునే కోట్లకు రంగు. ఆర్మూర్ల ఇండ్లు తుడిచి కడిగే సర్వీసు ఆమెది. కార్డు మీద 'రజని హోమ్ సర్వీసెస్' అని ఉంటది, ఇంట్ల మొగడు రాజేశ్వర్ మాత్రం 'నీ చీపుర్ల కంపెనీ' అంటడు. కంపెనీ మొత్తం ముగ్గురు: పెర్కిట్ పిల్ల ఉమారాణి, ఆలూర్ నుంచి ఆటోల వచ్చే మంగవ్వ, ఇగ రజని.

"పసుపు రంగు తీస్కుంటే మరక కనబడదత్తమ్మా."

"పసుపు శుభకార్యం రంగు. పనోళ్లకేంది?"

ఎరుపు పెండ్లిపిల్ల రంగు. ఆకుపచ్చ సీమంతం రంగు. నీలం, అత్త చెల్లె మొన్ననే కొన్న చీర రంగు. గిట్ల ఒక్కొక్క రంగును ఎవలో ఒక చుట్టం కట్టుకొని పోయింది. చివరికి బూడిద రంగు మిగిలింది. పొయ్యిలకెంచి తీసినట్టున్నది. "గిది ఎవ్వలు కట్టరు," అని అత్త తీర్పు చెప్పింది. రజని తల ఊపింది. గీ తల ఊపుడు ఆమెకు పన్నెండేండ్ల అలవాటు, నిద్రల సుత ఊపుతదని రాజేశ్వర్ అంటడు.

ఇంతకీ కోట్లు ఎందుకంటే, తార మేడం ఇంట్ల మొన్న జరిగిన కథకు. మామిడిపల్లి దిక్కు మూడంతస్తుల ఇల్లు ఆమెది. ఆ ఇంటి పని ఏడాది పొడుగు రజని కంపెనీకే ఇచ్చింది. ఆ ఒక్క ఇల్లు పోతే మిగిలేది చీపుర్లే, రాజేశ్వర్ అన్నమాటే నిజమైతది. మేడం బిడ్డకు తొలిసారి చీర కట్టిచ్చే శారీ ఫంక్షన్ నాడు, మంది ముందల తిరుగుతరు గదా, జర మంచి చీరలు కట్టుకొని రాండ్రి అని రజనే చెప్పింది. మంగవ్వ మంచి చీర కట్టింది. ఆమె మొగడు పోయి పదేండ్లు. బీడీలు చేసి చేసి వేళ్లు వంగినయ్ గని మనిషి నిటారుగ నడుస్తది. ప్లేట్లు తీస్తుంటే, బాల్కొండ నుంచి వచ్చిన మేడం మేనత్త ఎదురుంగ వచ్చి, "నిన్ను మర్చిపోయిన బిడ్డా," అని నొసట ఇంత కుంకుమ పెట్టి, చేతుల జాకెటు గుడ్డ పెట్టింది. మంగవ్వ వద్దనలే. కదలకుంట నిలబడ్డది.

హాల్ల మంది అంత ఇటే తిరిగిన్రు. ఫ్యాన్ సుత ఆగి చూసిందని ఉమారాణి ఇప్పటికీ ఒట్టు పెట్టి చెప్తది. తార మేడం, "రజనీ..." అన్నది. రజని తన కొంగు తీసింది. చీమిడి ముక్కు పోరన్ని తుడిచినట్టు, నలభై మంది ముందల మంగవ్వ నొసలు తుడిచింది. "పొరపాటైంది మేడం, పనామె," అన్నది.

ఆటోల పొయ్యేటప్పుడు మంగవ్వ ఒక్కటే మాటన్నది: "మంచిగ తుడిచినవ్ బిడ్డా. ఎంతైనా నీ చేతిల మరక ఉండది."

ఆ మాట అప్పటికెంచి రజనికి ముద్ద దిగనిస్తలేదు. అన్నం తింటే అన్నంల ఉంటది, పండ్లు తోముకుంటే బ్రష్‌ల ఉంటది. ఆ కొంగును మూడుసార్లు ఉతికింది. కుంకుమ పోయింది, నొసటి మెత్తదనం మాత్రం వేళ్లకు అంటుకొనే ఉన్నది. తెల్లారి తార మేడం ఫోన్ చేసి, "నీ మనుషులకు ఏదన్న డ్రెస్సు పెట్టు, ఎవరు ఏందో తెల్వాలె గదా," అంటే, "పెడ్తనే ఉన్న మేడం," అన్నది. సర్రున అన్నది. తప్పు చేసినోళ్లకు జవాబులు తొందరగ వస్తయ్.

టైలర్ నర్సయ్య టేపు మెడలేసుకొని, "ఎన్ని కోట్లు?" అన్నడు.

"రెండు."

"మీరు ముగ్గురు గదా చెల్లె?"

"నేను ఓనర్ గదన్నా."

"ఓనర్ చీపురు పట్టదా?" అని అడిగి, జవాబు కోసం చూడకుంట మిషిన్ తొక్కిండు. బజార్ల అందరికీ తెలుసు, ఆ కంపెనీల అందరికన్న ఎక్కువ బాత్‌రూములు కడిగేది ఓనరే.

కోట్లు కుట్టి వచ్చిన నాడు, చీపుర్లు పెట్టుకునే రజని షాపుల మంగవ్వ తన కోటు అంచు నాలుగు మూలలు వెతికింది. ఏదో పారేసుకున్నట్టు మళ్ల వెతికింది.

"పసుపు పెట్టలేదా బిడ్డా? కొత్త బట్ట గదా."

పిల్లలకు బనీన్ కొన్నా మూలకు పసుపు పెట్టకుంట తొడగది రజని. ఆర్మూర్ల పసుపుకు కరువా? మార్కెట్ సీజన్ల ఇక్కడ తుమ్మినా పచ్చగనే వస్తది. అసొంటి ఊళ్లె ఆమెకు చిటికెడు యాదికి రాలే.

"అది యూనిఫారం మంగవ్వా, బట్ట కాదు," అన్నది. అన్నంక తన నోరు ఎవరిదో అద్దెకు తెచ్చుకున్నట్టు అనిపించింది.

మంగవ్వ చీర మీద కోటు వేసుకొని గుండీలు పెట్టుకున్నది. "మంచిదే తియ్యి. నీకు తుడిచే పని తప్పింది."

ఇంటికొచ్చి రజని వాకిలి కడిగింది. అత్తకు చాయ పెట్టింది, సింకుల గిన్నెలు తోమింది. ఎవల ఇల్లు కడిగినా పైసలొస్తయ్, గీ ఒక్క ఇల్లు మాత్రం మాఫీ. ఒకసారి గిట్లనే వాకిలి కడుగుతుంటే కొరియర్ ఆయన వచ్చి, "ఇంటామెను పిలువమ్మా," అన్నడు. రజని ఇంట్లకు పోయి, మొఖం కడుక్కొని, నైటీ మీద చున్నీ వేసుకొని వచ్చి సంతకం పెట్టింది. రాజేశ్వర్ ఆ ముచ్చట ఐదు పెండ్లిళ్లల్ల చెప్పి నవ్విండు. "మా ఇంట్ల పనామె, ఓనర్ ఒక్కలే, జీతం మిగిలింది," అని. అందరితోని ఆమె సుత నవ్వింది. ఇప్పుడు తడి చేతులతోని నిలబడితే ఆ నవ్వు గుర్తొచ్చింది. కోటు లేకున్నా తనను ఇంటామెగ ఎవలు గుర్తువట్టలే. అయినా ఆ కోటు తీస్కపోయి మంగవ్వకు తొడిగింది.

తెల్లారి నర్సయ్య కాడికి పోయి, "ఇంకోటి కుట్టన్నా," అన్నది.

"ఎవలి కొలతలు?"

"నాయే."

తార మేడం ఇంట్ల వ్రతం. పొద్దున్నే షాపుల రజని పసుపు డబ్బా తీసి మూడు కోట్ల మూలలకు పెట్టింది. చిటికెడు పెడ్దామనుకుంటే చేతిల గుప్పెడు వచ్చింది. అంచులు పచ్చగ కమ్మినయ్. మంగవ్వ చూసింది. రజని కొంగు లోపల దోపుకొని గుండీలు పెట్టుకున్నంక మంగవ్వ, "నీకెందుకే గీ రంగు, మొఖం పాలిపోయినట్టు కనబడ్తున్నది," అన్నది. అంతే.

వ్రతం అయ్యింది. బాల్కొండ మేనత్త కుంకుమ పళ్లెం పట్టుకొని బయలెల్లింది. అసలు సంగతేందంటే ఆమె కండ్లకు మోతిబిందు పొర కమ్మింది. బూడిద రంగైనా బంగారు రంగైనా ఆమెకు ఒక్కటే. ఇంత ఫికర్ చేసి కుట్టించిన కోట్లు కనబడనిది ఆమె ఒక్కదానికే. ఉమారాణికి పెట్టింది, రజనికి పెట్టింది, మంగవ్వ ముందల ఆగింది.

మంగవ్వ రెండడుగులు ఎనుకకు జరిగింది. చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకున్నది. "నాకొద్దవ్వా. నేను పనామెను."

పోయినసారి ఆ మాట రజని అన్నది. ఇప్పుడు మంగవ్వ తనకు తానే అనుకుంటున్నది. రజనే గంత మంచిగ నేర్పినట్టు.

"పళ్లెం జర ఇయ్యు అవ్వా," అని రజని తీసుకున్నది. మంగవ్వ చెయ్యిని మెల్లగ పక్కకు జరిపింది. బొట్టు పెట్టింది, జర వంకరనే వచ్చింది.

"గిదేం పని బిడ్డా," అన్నది మంగవ్వ. ఆమె కండ్లు మాత్రం మూసే ఉన్నయ్.

తార మేడం దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "రజనీ, అందరు చూస్తున్నరు. జర తుడువు."

అలవాటు ప్రకారం రజని చెయ్యి కొంగు కోసం పోయింది. కొంగు కోటు లోపల, గుండీల కింద ఉన్నది. కోటుకు రెండు జేబులు. రెండింట్ల రెండు కొత్త తుడుపు గుడ్డలు, మడతలు సుత విప్పనివి.

"తుడుసనీకి ఏం లేదు మేడం," అన్నది రజని.