మూడు దెబ్బల డబ్బా

నేను ఒక పాత కిరోసిన్ డబ్బాను. ముక్కు మూసుకోకండి, ఆ వాసన పోయి చాలా ఏళ్లయింది. కార్ఖానాలో రేకు మడిచి నన్ను అతికినప్పుడు, నాలుగిళ్లలో దీపాలు వెలిగించి హాయిగా పోతాననుకున్నాను. నా నొసట దెబ్బలు తినడం రాసి ఉంది.

ఖాళీ అయిన నన్ను వంతల గాసన్న అడిగి తెచ్చుకున్నాడు. అడవికి నిప్పంటుకుంటే శిఖరం మీదనుంచి చూసి కబురు పెట్టడం అతని పని. చుట్టుపక్కల కొండల్లో అంత ఎత్తయినది లేదు. ఆ కొనమీద, తన పాకముందు కొయ్యకు నన్ను వేలాడదీసి, పక్కన ఒక కర్ర పెట్టాడు. మొదటి నెల ముచ్చటేసింది. తర్వాత ఏముంది? గాలి, వాన, మళ్లీ గాలి. దూరపు కొండలు నునుపంటారు, వచ్చి నాతోపాటు వేలాడి చూడండి.

కింది పల్లెవాళ్లు కొండచీపురు కోయడానికి వస్తారు. మంచు కమ్మితే చాపిన చెయ్యి కనిపించదు. అందుకని వాళ్లకొక కట్టుబాటు ఉంది. ఆగి ఆగి మూడేసి దెబ్బలు కొడితే, దారి ఇటు, రండి అని. ఆపకుండా దబదబా బాదితే, గుడ్డెలుగు వచ్చింది, ఇటు రావద్దు అని. రెండు మాటలూ నా ఒంటిమీదే పలకాలి.

ఆ మధ్యాహ్నం గాసన్న ఊటనీళ్లకు దిగాడు. అతని భార్య సోమెలి పడమటి వాలులో చీపురు కోస్తోంది. మంచు కమ్ముకుంది. అంతలో పట్నం మనుషులు నలుగురు ఆయాసపడుతూ పైకి వచ్చారు. శిఖరం ఎక్కిన సంబరంలో ఉన్నారు, పక్కనే కర్ర ఉంది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. ఈలలు వేస్తూ, ఫోన్లో వీడియో తీసుకుంటూ నన్ను ఎడాపెడా బాదారు. వద్దు నాయనా అని మొత్తుకున్నాను. డబ్బా మొర ఎవరికి అర్థమవుతుంది?

గాసన్న బిందె పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఆపండి బాబూ! గుడ్డెలుగనుకొని మా ఇంటిది లోయకేసి ఎలిపోద్ది!"

కర్ర లాక్కుని మూడు కొట్టాడు. ఆగాడు. మళ్లీ మూడు. జవాబు లేదు. ఆ వాలు చివర నిట్టనిలువు లోయ ఉందని నాకూ తెలుసు. భయమేసింది. ఇన్నేళ్లు విసుక్కున్న నేనే, ఇంకా గట్టిగా కొట్టవయ్యా అనుకున్నాను. కొట్టాడు. నా అడుగు రేకు చీలి ఊడిపడింది, మోత పోయింది. గాసన్న మంచులోకి చూస్తూ నిలబడ్డాడు. పట్నంవాళ్లు తలలు వంచుకున్నారు.

ఎంతసేపటికో సోమెలి పైకి వచ్చింది. చీపురు మోపు లేదు, మోకాళ్లు చెక్కుకుపోయాయి.

"లోయ అంచు కాడికి ఎలిపోనాను. మూడు దెబ్బలు ఇనబడితే ఆగిపోనాను," అంది. చుట్టూ చూసి, "గుడ్డెలుగేదయ్యా?" అని అడిగింది.

"ఇయిగో, నాలుగున్నాయి," అన్నాడు గాసన్న. అని, అందరి ముందూ ఏడ్చేశాడు.

ఇప్పుడు ఆ కొయ్యకు కొత్త డబ్బా వేలాడుతోంది. తళతళలాడే పసిది, దానికింకా ఏమీ తెలియదు. నేను పాక వెనక, పట్నంవాళ్లు వదిలిపోయిన బిస్కట్ కవర్ల మధ్య తుప్పు పడుతున్నాను. అలసిపోయాను, ఇంకెవరూ కొట్టకపోతే చాలు. సోమెలి మాత్రం కొండెక్కినప్పుడల్లా పాక వెనక్కి వచ్చి, మోత రాదని తెలిసీ, వేళ్లతో నన్ను మూడుసార్లు తట్టి పోతుంది. ఇన్నేళ్లలో నాకు నొప్పి పుట్టని దెబ్బలు అవే.