పెట్టె అడుగు

కొత్తగూడెం వడ్రంగి ఆంథోని చర్చి పాటల కోసం ఇంటి వసారాలోనే సొంతంగా ఒక గిటారు చేశాడు. తీగలు బిగించిన రోజే జోజమ్మ వచ్చింది.

బొగ్గుబావిలో పనిచేసిన ఆమె భర్త ఇన్నయ్య పోయినప్పుడు శవపెట్టె చేసింది ఆంథోనే. ఇంటి తలుపులకని దాచిన టేకు పలకలను జోజమ్మ ఆ పెట్టెకు ఇచ్చేసింది. వాటిలో నున్నటి పలకొకదాని మీద ఆంథోని కన్ను పడింది. పెట్టె అడుగు ఎవరు చూడొచ్చారులే అని అక్కడ మామిడి చెక్క కొట్టేసి, ఆ టేకును గిటారు వెనకభాగానికి దాచుకున్నాడు.

జోజమ్మ గిటారును వేళ్ళతో తట్టింది.

"గిటారు పెట్టె మంచిగ పలుకుతుంది, అన్నా. ఆయన పెట్టె అడుగు సుత గిసొంటి టేకేనా?"

"అవ్," అన్నాడు ఆంథోని తలెత్తకుండా.

"గంతే చాలు. బావిల నీళ్ళల్ల పని చేసి చేసి ఆయన నడుము పడిపోయింది. మట్టిలనన్న వీపుకు చెమ్మ తగలద్దని టేకిచ్చిన. ఏదీ, ఒక పాట వాయించు."

ఆంథోని గిటారును ఒళ్ళోకి తీసుకున్నాడు. తీగ మీటగానే, ఇన్నయ్య వీపు కింద ఉండాల్సిన పలక అతని గుండెకు ఆనుకుని వణికింది.