మూడడుగుల గూడు

నేను ఒక కోళ్ల గూడును. పొడవు మూడడుగులు, వెడల్పు రెండు, ఎత్తు రెండున్నర. పేరు కన్నా ముందు కొలతలు ఎందుకు చెబుతున్నానంటే, నా బతుకులో మంచీ చెడూ అన్నీ ఆ కొలతల్లోంచే వచ్చాయి.

కాకినాడలో ఇళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉండే ఒక కాలనీలో, పాత మంచం పట్టెలూ పెట్టె చెక్కలూ కలిపి అప్పలాచారి అనే వడ్రంగి నన్ను చేశాడు. చేయించినవారు తారకేశ్వర్రావుగారు, టెలిఫోన్ల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. కోళ్ల గురించి ఆయన మూడు నెలలు చదివారు. గూడు గురించి మాత్రం ఒక్క పూట కూడా ఆలోచించలేదు. మెట్ల కింద ఎంత జాగా ఉందో అంత చేసిపెట్టమన్నారు.

"ఇందులో చిన్న కోళ్లయితేనే పడతాయండి బాబూ," అన్నాడు ఆచారి.

"పెంచితే జాతికోళ్లే పెంచాలయ్యా. పిచికల్ని పెంచుతామా?" అని నవ్వారాయన.

మనుషుల తీరు చిత్రంగా ఉంటుంది. నలుగురికీ చూపించడానికి ఒకదాన్ని కొంటారు; అది ఎక్కడ ఉంటుందో కొన్నాక ఆలోచిస్తారు.

ఆయన తెచ్చిన మూడు పెట్టలూ ఒక్కొక్కటి మూడు కిలోల పైమాటే. ఒకటి ఇటు తిరగాలంటే మిగతా రెండూ ముడుచుకోవాలి. మే నెలలో ఒక మధ్యాహ్నం, మధ్యలో ఉన్న పెట్ట ముక్కు తెరిచి రొప్పీ రొప్పీ నా గోడకు ఒరిగిపోయింది. మళ్లీ లేవలేదు. తారకేశ్వర్రావుగారు దాన్ని గోడ పక్కన పాతిపెట్టి, మిగిలిన రెంటినీ ఎవరికో ఇచ్చేసి, నా తలుపు గడియ పెట్టారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత నాలుగేళ్లు నాలో పాత చెప్పులు పెట్టారు. చెప్పులకు ఊపిరాడకపోయినా నష్టం లేదు కాబట్టి నిశ్చింతగానే గడిచింది.

అప్పుడు వెనక వాటాలోకి సత్యవేణి అద్దెకు దిగింది. ఒక బడి ఆఫీసులో గుమాస్తా. ఆమె కూతురు లహరికి ఆరేళ్లు. ఆ పిల్లకు విషజ్వరం వచ్చి తగ్గింది గానీ తిండి మీద మనసు పోయింది. ఏది పెట్టినా నోరు బిగించేది. ఒకసారి చుట్టాలింట్లో కోడి కింద నుంచి తన చేత్తో తీసుకున్న గుడ్డును మాత్రం మారాం చేయకుండా తిందట. కొట్టులో కొన్న గుడ్డు పెడితే, "ఇది ఏ కోడి పెట్టిందో నాకు తెలీదు," అని పళ్లెం తోసేసింది.

కోళ్లకు నన్ను వాడుకుంటానని సత్యవేణి అడిగింది. "ఆ గూడొద్దమ్మా," అన్నారు తారకేశ్వర్రావుగారు. ఎందుకో చెప్పలేదు. వద్దనే నేనూ అనుకున్నాను. కానీ ఆమె చెప్పులు బయట పెట్టి, సున్నం కొట్టి, నన్ను ఎండబెట్టింది.

కోళ్లమ్మే నూకాలమ్మ గంప దించి, ముందు నా ముందు కూర్చుంది. చెయ్యి లోపలికి పెట్టి గోడలు తడిమింది. దాచిన సంగతి ఆమె వేళ్లకు తెలిసిపోతుందేమోనని వణికిపోయాను.

"ఇందులో ఎవరో పెద్ద కోళ్లెట్టారమ్మా. సూడు, చెక్కంతా ఎలాగ ఒరుసుకుపోయిందో."

సత్యవేణి ముఖం చిన్నబోయింది. "మరి ఏవి పెట్టమంటావు నూకాలమ్మా? పిల్లకి రోజూ గుడ్డు కావాలి."

"ఫారం కోడి రోజూ పెడద్ది గానీ ఎండకాగదు. పందెం జాతి పెట్టకి నీ ఇల్లంతా ఇచ్చినా సాలదు. ఇదిగో, ఈ పొట్టి జాతి తీసుకో. గుడ్డు సిన్నది, వారానికి మూడో నాలుగో పెడద్ది. రెండుంటే నీ పిల్లకి సరిపోద్ది. పుంజు మాత్రం వద్దు తల్లీ, తెల్లారకుండానే వీధంతా నీ మీదకొచ్చేత్తారు."

పావురం కన్నా కాస్త పెద్దవి, రెండు పెట్టలు లోపలికి వచ్చాయి. ఒకటి నిలబడితే రెండోది దాని చుట్టూ తిరిగి వచ్చింది. అయినా ఆ రోజంతా వాటి ఊపిరి లెక్కపెడుతూనే ఉన్నాను. లహరి వాటికి బటాణీ, బుడ్డి అని పేర్లు పెట్టింది. మూడో రోజు పొద్దున నాలోకి చెయ్యి పెట్టి వెచ్చటి గుడ్డు తీసింది. "ఇది బటాణీది," అని చెప్పి మొత్తం తినేసింది. సత్యవేణి గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకోవడం చూశాను.

అయితే పుంజు లేకపోయినా పెట్ట ఊరుకోదు. గుడ్డు పెట్టగానే బటాణీ గొంతెత్తేది. గోడవతల ఉండే రూతమ్మ ఆసుపత్రి నర్సు. రాత్రంతా డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది.

"తొమ్మిదింటికి పడుకుంటానండి. పదకొండయ్యేసరికి ఇది మొదలెడుతుంది. ఒక్క గుడ్డు పెట్టినందుకు వీధి వీధంతా చాటింపెయ్యాలా?" అంది సత్యవేణితో. "నెలాఖరుదాకా చూస్తాను. తర్వాత తారకేశ్వర్రావుగారితో చెప్పి తీయించేస్తాను."

మళ్లీ మే వచ్చింది. ఆ పొద్దున మబ్బు పట్టింది. వాన పడుతుందని సత్యవేణి నా మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, పిల్లుల భయానికి గడియ వేసి, పిల్లను తీసుకుని బడి ఆఫీసుకు వెళ్లింది; ఎండాకాలం సెలవులు పిల్లలకే గానీ గుమాస్తాలకు కావు. పదింటికల్లా మబ్బు విడిపోయింది. పట్టా కింద గాలి ఆగిపోయింది. బటాణీ రెక్కలు చాచి ముక్కు తెరిచింది. బుడ్డి నా గోడకు ఒరిగింది. సరిగ్గా అదే చోట. కేక వేయాలనిపించింది. చెక్కకు గొంతు ఎక్కడిది?

పదకొండు దాటింది. గేటు చప్పుడైంది. జడ ఊడిపోయి, కళ్లు ఎర్రబడి రూతమ్మ పరుగున వచ్చింది. పట్టా లాగి పారేసి గడియ తీసింది. బటాణీని నీడలో వదిలి, బుడ్డి కాళ్లు నీళ్ల బకెట్లో ముంచి పట్టుకుంది. వేలితో ముక్కులో చుక్క చుక్క నీళ్లు పోసింది. ఎంతసేపటికీ అది మెడ వాల్చే ఉంది.

"లే తల్లీ, లే. ఆ పిల్లకేం చెప్పను?" అంటూనే ఉంది.

చివరకు బుడ్డి కన్ను తెరిచింది.

సత్యవేణి వచ్చేసరికి రూతమ్మ తడిసిన నైటీతో మెట్ల మీదే కూర్చుని ఉంది, కోడి ఒళ్లో. "పదకొండైనా అరుపు లేదండి. నిద్ర పట్టలేదు. ఏమైందోనని వచ్చాను," అంది. తర్వాత గట్టిగా కోప్పడింది. "గూడంటే పెట్టె కాదండీ. గాలాడాలి." ఆ సాయంత్రమే ఆచారిని పిలిపించి, దగ్గరుండి నా మూడు గోడలూ కోయించి వల కొట్టించింది. తారకేశ్వర్రావుగారు సుత్తి అందిస్తూ, ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని మాట అప్పుడు సత్యవేణికి చెప్పారు. ఆమె తిట్టలేదు. "నేనూ అదే పని చేయబోయానండి," అంది.

ఇప్పుడు నాకు చెదలు పట్టాయి. కాళ్లు రెండు పొడిపొడిగా రాలిపోతున్నాయి. సత్యవేణి ఇనప గూడు తెచ్చింది. నా చోట అదే ఉంది. నన్ను గేటు పక్కకు జరిపి, ఇవాళ పాత సామాన్ల బండిని పిలిచింది. బండి అతను రెండు చేతులా నన్ను ఎత్తబోయి ఆగాడు.

"అమ్మా, ఖాళీదన్నారు కదండీ. లోపల కోడుందండి."

సత్యవేణి వంగి చూసింది. బటాణీ మూల గడ్డిని కాళ్లతో సర్దుకుని కూర్చుంది.

"గుడ్డుకి కూర్చుంది బాబూ. ఇప్పుడు లేపితే బెదిరిపోతుంది. కాసేపు అలా కూర్చో, టీ పెడతాను."

అతను మెట్ల మీద కూర్చున్నాడు. టీ వచ్చింది. ఊదుకుంటూ సగం తాగాడు. బటాణీ ఇంకా లేవలేదు.