వెనక సీటు

బుడమేరు పొంగి నేతపేటలోకి మోకాటి లోతు నీళ్లు వచ్చిన ఏడాది అది. యుద్ధం ఆగి ఏడాది తిరిగింది. పెట్రోలు కూపన్ల తిప్పలు ఇంకా పూర్తిగా తీరలేదు. పేటలో పిల్లల వయసులు ఇప్పటికీ ఆ వరదతోనే చెప్పుకుంటారు. చౌడయ్య ఇంట్లో మాత్రం ఆ వరద అనగానే కారు మాటే వస్తుంది.

నీళ్లు తెల్లవారుతుండగా వచ్చాయి. చౌడయ్య, కొడుకు సాంబమూర్తి నూలు బేళ్లు అటక మీదికి చేరవేస్తున్నారు. చౌడయ్య భార్య రావమ్మ కూడా ఒక చెయ్యి వేస్తుందనుకున్నారు. ఆవిడ వాళ్ల వంక చూడనైనా చూడలేదు. నడవలో ఉన్న కారు సీటును రెండు చేతులా పట్టుకుని పెనుగులాడుతోంది.

"బేళ్లు తడిసిపోతుంటే సీటెందుకే ఇప్పుడు?" అని కేకేశాడు చౌడయ్య.

"ఇది తడిస్తే మళ్లీ ఎండదండీ. లోపలంతా కొబ్బరి పీచు. కుళ్లిపోద్ది."

ఒక్కతే దాన్ని మంచం మీదికి, అక్కణ్ణించి బల్ల మీదికి ఎక్కించింది. చీర నడుము దాకా తడిసింది. రెండు బేళ్లు తడిశాయి. సీటుకు చుక్క నీరు అంటలేదు. పెరట్లో రేకుల కింద ఉన్న కారు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్లు తీశాక చూసేసరికి ఇంజను నిండా ఒండ్రు మట్టి.

ఆ సీటు ఆ కారుదే. కొన్న మర్నాడే చౌడయ్య దాన్ని ఊడదీశాడు.

చౌడయ్య మగ్గం గుంటలో పెరిగినవాడు. మొదట్లో తను నేసిన గుడ్డ తనే నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్మాడు. తర్వాత నాలుగు ఊళ్ల నేతగాళ్లకు నూలిచ్చి, గుడ్డ తెచ్చి బెజవాడలో అమ్మే వ్యాపారంలో పడ్డాడు. పెడన వైపు మగ్గాలు ఎక్కువ. వారం వారం పోయి రావాలి. గవర్నరుపేటలో ఒక ప్లీడరు తన గుడ్డ టాపు కారు అమ్ముతున్నాడని విని, పోయి కొన్నాడు.

ఆ రోజు రావమ్మ కొబ్బరికాయ, పసుపు, కుంకుమ పట్టుకుని ప్లీడరు గారింటికి తనూ వచ్చింది. కారుకు బొట్టు పెట్టి, కాయ కొట్టి, వెనక సీట్లో కూర్చుంది. పక్కన సాంబమూర్తి. వాడప్పుడు పలక పట్టిన పిల్లవాడు. టాపు మడిచి ఉంది. రావమ్మ ఒక చేత్తో కొంగు, ఒక చేత్తో టాపు ఇనుప కడ్డీ పట్టుకుంది. ఏలూరు కాలువ వంతెన ఎక్కేచోట ఒక ఆవు అడ్డం వచ్చింది. చౌడయ్య రబ్బరు హారను నొక్కాడు. అది 'పోం' అనగానే ఆవు బెదిరి వెనక కాళ్లు విసిరింది. వెనక నుంచి రావమ్మ నవ్వింది. అత్తగారు, మామగారు, మగ్గాల మీద మనుషులు ఉండే కొంపలో ఆడమనిషి అట్లా గొంతు విప్పి నవ్వడం చౌడయ్య అంతకు ముందు వినలేదు.

ఆ నవ్వు విని అతని నోట ఒక పెద్ద మాట వచ్చింది.

"ఎల్లుండి నిన్ను దీన్లోనే పెడన తీసుకెళ్తా."

పెడన రావమ్మ పుట్టిల్లు.

మర్నాడు బేళ్లు పెట్టి చూస్తే పట్టలేదు. సీటు ఊడదీస్తే పట్టాయి. "ఈ ఒక్క సరుకూ దించి రాగానే బిగిస్తా," అన్నాడు. ఆ సరుకు దించాడు. దాని వెనకే ఇంకో సరుకు వచ్చింది. ఇట్లా ఏళ్లు గడిచాయి. నడవలో పడేసిన సీటు మీద రావమ్మ రాట్నం ముందేసుకుని కూర్చునేది. ఇంట్లో మగ్గాలకు కండెలు చుట్టి ఇవ్వడం ఆవిడ పని. కోడలు వచ్చే ఈడు కొడుకున్నా ఆ పని మానలేదు. ఇంకొకరికి ఇవ్వలేదు.

చౌడయ్య వారం వారం కార్లో పెడన వెళ్లాడు. రావమ్మ ఏ పెళ్లికో పురుడుకో వెళితే రైల్లో వెళ్లింది.

పెడనలో రావమ్మ అక్క వెంకటరావమ్మ నోరు మంచిది కాదు. కారు ఆగడం ఆలస్యం, గుమ్మంలోకి వచ్చేది.

"ఏం మరిదిగారూ, మా చెల్లెలు ఏ బేల్లో ఉంది? విప్పి చూపించండి, చూసి పోతా."

"ఈసారి తెస్తాలే వదినా."

"ఈ మాట విని విని నా జుట్టు నెరిసింది. దాని జుట్టు నెరిసిందో లేదో చూద్దామన్నా చూపించరు."

చౌడయ్య తల వంచుకుని గుడ్డ మూటలు ఎక్కించుకునేవాడు. తిరుగు ప్రయాణంలో ఉయ్యూరు దాటాక రోడ్డు పక్కన కాలువ, కాలువలో తెరచాప పడవలు, ఆవలి గట్టున వరి. ఆ చోటికి వచ్చేసరికి ప్రతిసారీ అతనికి వెనక ఎవరో కడ్డీ పట్టుకుని కూర్చున్నట్టు ఉండేది. తిరిగి చూస్తే గంజి వాసన కొట్టే గుడ్డ మూటలు. ఈ సంగతి అతను ఎవరితోనూ అనలేదు. అనడానికి మాటలు కూడా తెలియవు.

వరద తీశాక మెకానిక్కు ఏసుపాదం వచ్చి బానెట్టు ఎత్తాడు. వేలు పెట్టి మట్టి తీసి, వాసన చూసి నవ్వాడు.

"ఇది మోటారు కాదు షావుకారుగారూ, మాగాణి. నారు పొయ్యండి, మొలుస్తుంది."

"బాగవుద్దా, కాదా?"

"అవుద్ది. మొత్తం విప్పాల. సామాను మద్రాసు నుంచి రావాల. నెలనుకుంటే రెండు నెలలు. డబ్బు సంగతి అప్పుడే చెప్పను, మీరు నిలబడే ఉన్నారు, కూర్చున్నాక చెప్తా."

సాంబమూర్తి అప్పటికే వేరే దారి చూసి పెట్టాడు. ఏలూరు రోడ్డులో మోటార్ల బేరగాడు వెంకటసుబ్బారావు దగ్గర మిలిటరీ వేలంలో వచ్చిన వ్యాను ఒకటి ఉంది. ముందు ఇద్దరికి చోటు, వెనకంతా రేకు డబ్బా. పాత కారు ఇచ్చి, పైన కొంత కలిపితే వ్యాను మనది.

"రెండు నెలలు సరుకు ఆగితే నేతగాళ్లు ఇంకో షావుకారును చూసుకుంటారు నాన్నా," అన్నాడు సాంబమూర్తి. "బేళ్లు తడవ్వు. టాపు కుట్టించక్కర్లేదు. మూడింతల సరుకు పడుద్ది."

అందులో తప్పేమీ లేదు. చౌడయ్య ఊఁ అన్నాడు. రావమ్మ రాట్నం తిప్పుతూ వింటోంది. చేతిలో పోగు ఒక్కసారి తెగింది. తడి చేసి అతుక్కుని మళ్లీ తిప్పింది.

వెంకటసుబ్బారావు మర్నాటి సాయంత్రం కారు చూడ్డానికి వచ్చాడు. చుట్టూ తిరిగాడు. చక్రాన్ని కాలితో తన్నాడు. లోపలికి తొంగి చూసి ఆగిపోయాడు.

"చౌడయ్యగారూ, వెనక సీటేదండీ?"

సాంబమూర్తి ఇంట్లోకి చెయ్యి చూపించాడు. వెంకటసుబ్బారావు నడవలోకి తొంగి చూసి పకపకా నవ్వాడు.

"కారు పెరట్లో, సీటు నడవలోనా? కాపరం వేరుపడిందేంటండీ? సీటు లేకుండా దీన్ని నేను కారని ఎవరికి చెప్పి అమ్మను? బిగించి ఉంచండి. పొద్దున్నే మనుషుల్ని పంపి లాగించుకుపోతా. వ్యాను మధ్యాహ్నానికల్లా మీ గుమ్మంలో ఉంటుంది."

ఆయన వెళ్లాక తండ్రీ కొడుకులు నడవలోకి వచ్చారు. రావమ్మ అడక్కుండానే లేచింది. లేవడానికి గోడ పట్టుకుంది. రాట్నం, కండెల బుట్ట ఒక పక్కకు జరిపింది. సీటు మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

"నీకు ఒక పీట చేయిస్తాలే అమ్మా, మెత్త వేసి," అన్నాడు సాంబమూర్తి.

"చేయించు నాయనా," అంది.

సీటు దాని చోట్లోకి తేలిగ్గానే దిగింది. ఇన్నేళ్లయినా మరలు వేసే కంతలు కంతలకు సరిగ్గా కలిశాయి. సాంబమూర్తి మరలు బిగించి కొట్టుకు వెళ్లిపోయాడు.

దీపాలు పెట్టే వేళకు చౌడయ్య ఇంట్లోకి వచ్చి చూస్తే రాట్నం ముందు ఎవరూ లేరు. వంటింట్లో లేదు. పెరట్లోకి వచ్చాడు.

రావమ్మ కార్లో కూర్చుని ఉంది. వెనక సీట్లో, ఒక పక్కగా, పక్కన ఇంకొకరికి చోటు వదిలినట్టు. కాళ్లు రెండూ దగ్గరగా పెట్టుకుని, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, టాపు కడ్డీ పట్టుకుని ఎదరకు చూస్తోంది. ఎదర ఉన్నది గోడ. గోడ మీద వరద నీళ్లు నిలిచిన గీత.

అతన్ని చూసి తడబడి దిగబోయింది.

"ఏం లేదండీ. రేపు పోతుందిగా. ఒక్కసారి కూర్చుని చూద్దామనీ."

"కూర్చో," అన్నాడు చౌడయ్య.

అక్కడే నిలబడ్డాడు. వరద రోజు ఆవిడ బేళ్లు వదిలేసి ఈ సీటు ఎత్తడం గుర్తొచ్చింది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఆవిడ మెత్తగా ఉంటుందని దాని మీద కూర్చుంటోందనుకునేవారు. తనూ అట్లాగే అనుకున్నాడు. మెత్తదనం ఏనాడో పోయింది. స్ప్రింగులు పైకి పొడుచుకొస్తే ఆవిడ గోనెపట్టా వేసుకుని కూర్చునేది. అయినా ఇంకోచోట కూర్చోలేదు.

ముందు వైపు తలుపు తీసి తన చోట్లో కూర్చున్నాడు. స్టీరింగు మీద చేతులు పెట్టాడు. ఒండ్రు వాసన ఇంకా పోలేదు.

వెనక నుంచి రావమ్మ మెల్లిగా అడిగింది.

"కంకిపాడు దాటామా?"

చౌడయ్య జన్మలో ఎవరితోనూ పరాచికం ఆడి ఎరగడు. గొంతు సవరించుకున్నాడు.

"దాటాం. ఉయ్యూరు వస్తోంది."

"పడవలున్నాయా కాలువలో?"

"ఉన్నాయి. రెండు. ఒకదాన్లో బెల్లం బుట్టలు."

"తెరచాప ఎత్తారా?"

"ఎత్తారు."

"రైల్లోంచి పడవలు కనపడవండీ," అంది రావమ్మ. కాసేపాగి, "అక్కకు చెప్పా, ఇంటి ముందు దిగుతానని. దిగి, డోరు నేనే వేస్తానని," అంది.

చౌడయ్య హారను నొక్కాడు. అది మోగలేదు. నిండా మట్టి. ఉస్సుమని గాలి మాత్రం వచ్చింది. రావమ్మ నవ్వుతుందేమోనని చెవులు అప్పగించి కూర్చున్నాడు. నవ్వలేదు.

"చీకటి పడింది. అన్నానికి లేవండి," అని దిగి, డోరు నెమ్మదిగా వేసి లోపలికి వెళ్లింది.

అతను అన్నం సరిగ్గా తినలేదు. చెయ్యి కడుక్కుని పెరట్లోకి పోయి హారను ఊడదీశాడు. తొట్టి దగ్గర కూర్చుని, కండె పుల్లతో లోపలి మట్టి పొడిచి పొడిచి కడిగాడు.

మర్నాడు పొద్దున బేరగాడి మనుషులు రాకముందే చౌడయ్య వీధి చివర బండి రత్తయ్య ఇంటికి వెళ్లాడు. రత్తయ్య స్టేషను నుంచి నూలు బేళ్లు తోలేవాడు. ఎడ్ల జతను తోలుకుని ఇద్దరూ పెరట్లోకి వచ్చారు. మోకు తెచ్చి కారు ముందు ఇరుసుకు కట్టారు.

సాంబమూర్తి పళ్లు తోముకుంటూ వచ్చి నోట్లో వేపపుల్ల తీసి నిలబడ్డాడు.

"ఇదేంటి నాన్నా? వాళ్లే లాక్కుపోతామన్నారుగా."

"ఏసుపాదం షెడ్డుకి. విప్పించి బాగు చేయిద్దాం."

"మరి సరుకు?"

"ఆలస్యమైతే కానీ, రైల్లో పోతుంది."

"వెంకటసుబ్బారావుగారికి ఏం చెప్పనూ?"

"సీటు అమ్మనన్నానని చెప్పు."

సాంబమూర్తి తండ్రి మొహం చూసి వేపపుల్ల మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. చౌడయ్య నడవ గుమ్మం దగ్గరికి వెళ్లాడు. రావమ్మ నేల మీద చాప వేసుకుని కండె ఎక్కిస్తోంది.

"లే. ఎక్కు."

"ఎక్కడికండీ?"

"ముందు షెడ్డు దాకా. బాగయ్యాక పెడన."

ఆవిడ గుమ్మంలోకి వచ్చి ఎడ్లను చూసింది, కారును చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎడ్లు లాగే కార్లో కూర్చుంటే పేటంతా నవ్వుతుందండీ."

"నవ్వనీ."

రావమ్మ లోపలికి వెళ్లి చీర మార్చుకుని వచ్చింది. ఎక్కింది. డోరు తనే వేసుకుంది. చౌడయ్య స్టీరింగు పట్టాడు. రత్తయ్య ఎడ్లను అదిలించాడు. కారు వీధిలోకి వచ్చేసరికి మగ్గాల దగ్గర చప్పుడు ఆగిపోయింది. అరుగుల మీద నుంచి ఒకళ్లు, "మామా, ఎన్ని ఎడ్ల హార్సుపవరు అది?" అన్నారు. "రావమ్మత్తా, పెళ్లికూతురివా ఏందీ?" అని ఇంకొకరు. వంతెన ఎక్కేచోట చౌడయ్య హారను నొక్కాడు. అది 'పోం' అంది. ఎడ్లు బెదిరి పరుగెత్తాయి. రత్తయ్య తిడుతూ పగ్గాలు పట్టుకుని వేలాడాడు. వెనక నుంచి నవ్వు వినపడింది. వయసు మీద పడ్డ గొంతు. కాస్త బొంగురు. అయినా అదే నవ్వు.

ఏసుపాదం షెడ్డు బందరు రోడ్డు మొదట్లో, కాలువ గట్టు మీద. రత్తయ్య ఎడ్లను విప్పాడు. కారు ముందుభాగం కంకిపాడు వైపు తిరిగి ఆగింది. కాలువలో పడవ ఒకటి దిగువకు పోతోంది. ఏసుపాదం పానాలు పట్టుకుని వచ్చాడు.

"దిగండి షావుకారుగారూ. విప్పాలిగా."

చౌడయ్య స్టీరింగు వదల్లేదు. వెనక రావమ్మ పడవ వంకే చూస్తోంది.

"విప్పుదువుగానిలే," అన్నాడు. "ఆ పడవ మలుపు తిరగనీ."